చెప్పాల్సింది ఏమైనా ఉంటే

సోమవారం పొద్దున బడి గంట కొట్టేలోపు లెక్కల మాస్టారు చేయాల్సిన పనులు ఇవి. పదో తరగతి పేపర్లు నలభై రెండూ దిద్దడం పూర్తి చేయాలి. మార్కులు రిజిస్టరులోకి ఎక్కించాలి, ఎక్కడా కొట్టివేత లేకుండా. ప్రతి పేపరు చివరా పిల్లల సంతకం ఉందో లేదో చూసి, చూసినట్టు తన సంతకం పెట్టాలి. ఉద్యోగం పర్మనెంటు చేయమని కోరే ఫారం మూడు కాపీలు నింపాలి. అక్క కళ్లద్దాల కాడ ఊడిపోయింది, దాన్ని బిగించాలి. నీలం చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి. ముప్పయ్యొకటో నంబరు సంగతి ఏం చేయాలో ఆలోచించాలి.

మొదటి ఆరు పనులూ, ఒక్క పేపరు మీద సంతకం తప్ప, ఆదివారం మధ్యాహ్నానికల్లా అయిపోయాయి. ఏడోది బల్ల మీద, ఎర్ర పెన్ను కింద అలాగే ఉంది.

ఆ బడిలో పరీక్షలకి కాపలా ఉండదు. ప్రశ్నపత్రాలు పంచి, మాస్టారు బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేస్తాడు. మూడు గంటల తర్వాత వెళ్లి జవాబు పత్రాలు పోగుచేసుకుంటాడు. ప్రతి జవాబు పత్రం చివరా మూడు మాటలు అచ్చువేసి ఉంటాయి. నేను ఎవరి సాయమూ తీసుకోలేదు. ఎవరికీ ఇవ్వలేదు. చూసి ఊరుకోలేదు. వాటి కింద పిల్లలు సంతకం పెట్టాలి. దీన్ని మాట పత్రం అంటారు. సంతకం కింద ఇంకో గీత ఉంటుంది, 'చెప్పాల్సింది ఏమైనా ఉంటే' అని. ఈ పద్ధతి వచ్చి నాలుగేళ్లయింది. నాలుగేళ్లలో ఆ గీత మీద రాసినవాడు ఒక్కడే. వాడు 'ఆకలేస్తోంది' అని రాశాడట. స్టాఫ్ రూములో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

ముప్పయ్యొకటో నంబరు పిల్ల ఆ గీత మీద రాసింది. గీత చాలక మార్జిన్లోకి కూడా వెళ్లింది.

"ఐదో లెక్క, ఎనిమిదో లెక్క నాకు ముందే తెలుసు. ఇంట్లో చిత్తు కాగితం వెనకవైపు చూశాను. అది మన పేపరని అప్పుడు తెలీదు, ఇక్కడికొచ్చాక తెలిసింది. రెండూ వదిలేద్దామనుకున్నాను. ఐదోది వదిలేశాను. ఎనిమిదోది వదలబుద్ధి కాలేదు. చాలా బాగుంది."

బాగుందన్నది లెక్కని. దాన్ని తయారుచేయడానికి మాస్టారు మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. ఆయన లెక్కని బాగుందన్నవాళ్లు ఇంతవరకు ఎవరూ లేరు.

ఆ మాట దగ్గర ముందు ఆయనకి సంతోషమే కలిగింది. రెండోసారి చదివినప్పుడు చిత్తు కాగితం అన్న చోట ఆగాడు. స్టాఫ్ రూములో ఒకవైపే అచ్చుపడ్డ కాగితాలన్నీ ఒక ట్రేలో వేస్తారు, మాస్టార్లు రఫ్ పనికి వాడుకోవడానికి. పోయిన నెల ఈ పిల్ల హాస్పిటల్ లాండ్రీ చీటీల వెనక లెక్కలు చేసుకోవడం ఆయన చూశాడు. తండ్రి అక్కడే పనిచేస్తాడు. దుప్పట్లు నలభై, దిండు గలీబులు అరవై అని ఒకవైపు, రెండోవైపు చీమల బారులాంటి అంకెలు. చూడలేక ట్రేలోంచి దొరికినన్ని కాగితాలు తీసి చేతిలో పెట్టాడు. ఆ ట్రేలోనే, అంతకు రెండు రోజుల ముందు, తన ప్రశ్నపత్రం మొదటి కాపీలో ఒక పేజీ ఆయనే వేశాడు. బొమ్మలో కోణం తప్పు పడిందని. అలాంటివి ముక్కలు చేసే మిషన్లో వెయ్యాలని రూలు. మిషను ఇరుక్కుపోయి ఉంది. రేపు చూద్దాంలే అనుకున్నాడు.

అక్క కిటికీ దగ్గర కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతోంది. యూనిఫారాల ఫ్యాక్టరీ నుంచి ఇంటికి తెచ్చుకున్న పని. తమ్ముడు పేపరు చేతిలో పట్టుకుని గోడ చూస్తుండడం గమనించి ఏమిటని అడిగింది. ఆయన అంతా చెప్పాడు. అక్క దారం పంటితో తెంపి, ఆ గీత మీద నీళ్లు చల్లితే సరిపోతుందిగా, ఇంకు పాకిపోతుంది అంది. సంతకం పెట్టాలక్కా అన్నాడాయన. పిల్ల అంత నిజాయితీగా రాస్తే తొక్కిపెట్టడమా, ఆ మాట పత్రం నేనే క్లాసులో చదివి వినిపించాను, నిజం చెప్పినవాళ్లకి ఈ బడిలో నష్టం జరగదని నేనే చెప్పాను అన్నాడు.

"నిజం నిలకడ మీద తెలుస్తుందంటార్రా," అంది అక్క. "అందాకా నిలబడ్డానికి కాళ్లుండాలిగా. మన ఇంట్లో కాళ్లున్నవాడివి నువ్వొక్కడివే."

ఆయన ఎర్ర పెన్ను అందుకున్నాడు. పేపరు కింద తన సంతకం పెట్టాడు. సంతకం పక్కన తేదీ కూడా వేశాడు, రూలు ప్రకారం.

సోమవారం పొద్దున ప్రార్థనకి ముందు ఆ పిల్లని మెట్ల కింద కలిశాడు. వయసుకి తగ్గ ఎత్తు ఉండదు, ఎప్పుడూ ఏదో ఒకటి మోస్తూ కనబడుతుంది, అందుకే క్లాసులో చీమ అంటారు. ఆ రోజు భూగోళం గ్లోబు మోసుకొస్తోంది. దించమన్నాడు. దించలేదు, చంకకి మార్చుకుంది.

నువ్వు రాసింది చదివానని ఆయన అన్నాడు. మంచి పని చేశావు, భయపడాల్సిందేమీ లేదు, తనంతట తాను చెప్పుకుంటే ఆ లెక్కల వరకే సున్నా, రికార్డులో మచ్చ పడదు అన్నాడు. చీమకి ఆ మాటే కావాలి. ఆ పిల్లది ఉచిత సీటు. రికార్డులో ఒక్క మచ్చ పడితే సీటు పోతుంది. ఆ సంగతి బడిలో అందరికీ తెలుసు, తోటి పిల్లలు మర్చిపోనివ్వరు కూడా.

"కాగితం మీరిచ్చారని నేను రాయలేదు సార్," అంది చీమ.

"రాయాల్సింది. పర్లేదు, నేను చెప్తాను. తప్పు నాది కదా."

చీమ తలూపింది. తర్వాత, ఎనిమిదో లెక్కలో రెండో పద్ధతి కూడా ఉంది సార్, ఇంకా పొట్టిగా వస్తుంది, టైము చాల్లేదు అంది. గంట కొట్టారు. గ్లోబుతో పరుగెత్తింది.

ప్రిన్సిపాల్ మేడమ్ ఆ పేపరుని రెండు చేతులతో పట్టుకుని చదివింది. చదువుతుంటే ఆవిడ మొహం వెలిగింది. నాలుగేళ్లు మాస్టారూ, అంది. నాలుగేళ్ల నుంచి ఎదురుచూస్తున్నాను, ఒక్క పిల్ల, ఒక్కటంటే ఒక్క పిల్ల ఆ గీత మీద రాస్తుందా అని. మొన్న బడి కమిటీ వాళ్లు, అందరూ సంతకం పెడుతున్నారు సరే, ఇది పనిచేస్తోందని రుజువేమిటి అని అడిగారు. ఇదిగో రుజువు. బుధవారం మాట సభ పెడదాం అంది. మాట సభ అంటే పిల్లలే. ముగ్గురు విద్యార్థులు కూర్చుని విచారించి నిర్ణయిస్తారు. పెద్దవాళ్లు చూస్తారంతే.

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆ కాగితం గురించి మేడమ్, అన్నాడు.

ఆవిడ అప్పటికే ఒక ఫైలు పక్కకి జరిపింది. దాని మీద ఆయన పేరు ఉంది. పొద్దున తాను ఇచ్చిన ఫారాలే, మూడు కాపీలూ లోపల ఉన్నాయి.

"అదే నేనూ అడగబోతున్నా," అంది మేడమ్. "ఒకవేళ ఎవరైనా టీచరు చేతుల్లోంచి వెళ్లుంటే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు. పేపరు బయటికి పోయిందంటే కమిటీకి రాయాల్సిందే. పర్మనెంటు వాళ్లయితే ఒక మెమోతో పోతుంది. కానివాళ్లయితే ఫైలు మూసేయడమే. మీరు కంగారు పడకండి, మీ సంగతి కాదు. పిల్లలు చెత్త డబ్బాల్లో వెతుకుతారు. అలాంటిదే అయ్యుంటుంది."

ఆవిడ కళ్లజోడు పైనుంచి ఆయన్ని చూసింది. ఎంతసేపు చూసిందో ఆయన తర్వాత చాలాసార్లు లెక్కవేసుకున్నాడు. రెండు క్షణాల కంటే ఎక్కువ ఉండదు.

కనుక్కుంటాను మేడమ్, అన్నాడు.

బయటికి వచ్చాక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడే ఏమీ అయిపోలేదని సర్దిచెప్పుకున్నాడు. బుధవారం సభలో చెప్పవచ్చు. అందరి ముందు చెప్తేనే బాగుంటుంది. ఆ రోజు పాఠం చెప్తూ సుద్దముక్క మూడుసార్లు విరగ్గొట్టాడు.

మంగళవారం మధ్యాహ్నం చీమ కుళాయిల దగ్గర బాక్సు కడుక్కుంటోంది. మాస్టారు పక్క కుళాయి తిప్పి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. చేతులకి మురికేమీ లేదు. అక్క గురించి చెప్పాడు. కాజాలు కుట్టి కుట్టి అక్క కళ్లు ఎలా పోతున్నాయో చెప్పాడు. ఇంటిల్లిపాదిలో డిగ్రీ చదివింది తానొక్కడేనని, ఈ నెలాఖరుకి పర్మనెంటు కావాల్సి ఉందని చెప్పాడు. ఇవన్నీ ఒక పదో తరగతి పిల్లకి ఎందుకు చెప్తున్నాడో ఆ పిల్ల అడగలేదు. బాక్సు మూత గాడిలో ఇరుక్కున్న జిడ్డుని గోటితో తీస్తూ వింది.

"మీ ఉద్యోగం పోతుందా సార్?"

"అలా అని కాదు." ఆయన నీళ్లకేసి చూస్తున్నాడు. "మేడమ్ ఏమనుకుంటున్నారంటే, ఎవరో డబ్బాలోంచి తీసుకున్నారని. నేను నిన్ను ఏమీ అడగట్లేదమ్మా. నీకు ఏది నిజమో అదే చెప్పు."

ఆ కుళాయి గట్టిగా బిగిస్తే తప్ప ఆగదు. చీమ రెండు చేతులతో బిగించింది. బాక్సు విదిలించి, కొంగులేని యూనిఫారానికే తుడిచింది.

"ఏదైనా రెండు లెక్కలకేగా సార్ సున్నా?"

"అవును," అన్నాడు మాస్టారు. "రెండు లెక్కలకే."

చీమ వెళ్లిపోయింది. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. నిజం చెప్పమనే కదా అన్నాను, అని పైకే అనుకున్నాడు. పక్కనే చెత్తబుట్ట ఈడ్చుకుంటూ వెళ్తున్న ఆయమ్మ తనతోనే అన్నాడనుకుని ఆగింది. ఇవాళ సైన్సు పరీక్ష కదా సార్, అంది. బాత్రూముల్లోంచి ఊడ్చిన చీటీలు బుట్ట నిండా ఉన్నాయి, వేలెడంత మడతలు, కొన్ని తడిసి ముద్దయినవి. లెక్కల రోజు కంటే బరువు ఎక్కువని చెప్పింది. నాకు చదువు రాదు గానీ సార్, ఏ పరీక్ష ఎంత కష్టమో నా బుట్ట చెప్తుంది అని నవ్వింది. పైనున్న ఒక చీటీ తీసి చూపించింది. ఆకుపచ్చ ఇంకు, ముత్యాల్లాంటి అక్షరాలు, పక్కన బొమ్మ కూడా వేసి ఉంది. ఈ ఆకుపచ్చ బాబు ఎవరో గానీ కాపీ కొట్టడంలో కూడా శుభ్రత చూడండి అంది.

మాస్టారు ఆ చీటీ తీసుకోలేదు. రోజూ చూసే బుట్టే అది. ఇంతకుముందెప్పుడూ దానిలోకి తొంగి చూడలేదు.

బుధవారం మాట సభ లైబ్రరీలో జరిగింది. బల్ల మీద గుడ్డ వేశారు, నీళ్ల గ్లాసులు పెట్టారు. సభకి పెద్ద, అందరూ మైకు అని పిలిచే కుర్రాడు. ప్రతి రోజూ ప్రార్థనలో మైకు ముందు నిలబడేది వాడే కాబట్టి ఆ పేరు. పొడుగ్గా, పాపిడి చెదరకుండా, పెద్దవాళ్లతో పెద్దవాడిలా మాట్లాడతాడు. వాడికి చెరోపక్కా ఇంకో ఇద్దరు పిల్లలు. కిటికీ వైపు మేడమ్, ఆవిడ పక్కన లెక్కల మాస్టారు. చీమకి బల్లకి ఇవతల ఒక కుర్చీ వేశారు. కూర్చుంటే కాళ్లు నేలకి ఆనలేదు. అంచుకి జరిగి ఆనించుకుంది.

మైకు ముందు మెచ్చుకున్నాడు. నిజాయితీగా ముందుకొచ్చినందుకు సభ తరఫున అభినందనలు అన్నాడు. మేడమ్ నెమ్మదిగా చప్పట్లు కొట్టింది, అందరూ కొట్టారు. తర్వాత వాడు పెన్ను మూత తీశాడు. ఆకుపచ్చ ఇంకు. మాస్టారు తన చేతులకేసి చూసుకున్నాడు.

పేపరు ముందే చూసిన సంగతి ఇంకెవరికైనా చెప్పావా అని మైకు అడిగాడు. లేదంది. పరీక్షలో ఇంకెవరైనా చూసి రాయడం గమనించావా అని అడిగాడు. అడిగినప్పుడు వాడి గొంతు మారలేదు. చీమ వాడి పెన్నుకేసి కాసేపు చూసి, నేను తల ఎత్తలేదు అంది. మైకు పక్కనున్న అమ్మాయి ఊపిరి వదలడం వినబడింది.

"మరి ఆ కాగితం నీకు ఎక్కడిది?"

చీమ మాస్టారి వైపు తిరిగింది. అది అడిగినట్టు లేదు, ఎదురుచూసినట్టూ లేదు. బోర్డు మీద మాస్టారు తర్వాతి మెట్టు వేస్తారా, తననే వేయమంటారా అని చూసినట్టుంది. మాస్టారు నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.

"స్టాఫ్ రూములో డబ్బాలోంచి తీసుకున్నాను," అంది చీమ.

గదిలో ఒక సర్దుబాటులాంటిది జరిగింది. కుర్చీలు కదిలాయి. పేపరు చివర ఆ పిల్ల రాసిన నిజాన్ని రెండు రోజులుగా అందరూ అటూ ఇటూ తిప్పి చూశారు, ఇందులో ఇంకేదో ఉందన్నారు. ఈ మాటని మాత్రం ఎవరూ తిప్పి చూడలేదు. వెంటనే నమ్మారు. మైకు రాసుకున్నాడు.

తర్వాత వాడు మాట పత్రం నియమాల పుస్తకం తెరిచాడు. తొమ్మిదో పేజీ అన్నాడు. ఆ పేజీ మాస్టారికి చూడకుండా వచ్చు. చేరిన కొత్తలో ఆ పుస్తకం టైపు చేసింది ఆయనే. చూసి రాసినవారు తమంతట తాము చెప్పుకుంటే ఆ ప్రశ్న వరకే సున్నా. అది ఎనిమిదో పేజీ. ఉపాధ్యాయుల గదిలోంచి ఏ వస్తువు తీసుకున్నా దొంగతనం కింద లెక్క, దానికి మినహాయింపు లేదు. ఇది తొమ్మిది. కుళాయి దగ్గర 'అవును' అన్నప్పుడు ఈ పేజీ తనకి గుర్తులేదని ఆయన ఇప్పుడు అనుకోవాలని చూశాడు. కుదరలేదు.

మైకు చదవడం పూర్తిచేసేసరికి చీమ రెండు కాళ్లూ కుర్చీ కిందికి వెళ్లిపోయాయి. రెండు లెక్కలకే అన్నారు కదా, అంది. ఎవరన్నారు అని మైకు అడిగాడు. చీమ బల్ల మీది గుడ్డకేసి చూసింది.

మేడమ్ కాగితాలు సర్దుకుంటూ మాస్టారి వైపు చూసింది. "సబ్జెక్టు టీచరుగా మీరు చెప్పాల్సింది ఏమైనా ఉందా?"

లైబ్రరీ గడియారం ముల్లు కదిలినప్పుడల్లా చిన్న చప్పుడు చేస్తుంది. ఆయన లేచి నిలబడ్డాడు. నిలబడ్డప్పుడు చెప్పాలనే ఉంది. ఆ కాగితం నేనిచ్చాను, అన్నవి మూడే మాటలు. వాటిలో మొదటిది నోట్లోకి వచ్చింది కూడా.

"ఆ... అమ్మాయి మంచి పిల్ల మేడమ్," అన్నాడు.

"మంచి పిల్లే," అంది మేడమ్. "అందుకే బాధ."

ఆయన కూర్చున్నాడు. మైకు చేయెత్తాడు. ఎడమవైపు పిల్లవాడు ఎత్తాడు. కుడివైపు అమ్మాయి కాస్త ఆలస్యంగా, మోచేయి బల్లకి ఆనించే ఎత్తింది. రికార్డులో దొంగతనం అని ఎక్కించాలని మైకు తీర్పు రాశాడు. దాని కింద కూడా మాట పత్రమే ఉంటుంది, కాకపోతే మాటలు వేరు. పై విషయంలో నాకు తెలిసినదేదీ దాచలేదు. హాజరైన వాళ్లందరూ సంతకం పెట్టాలి. కాగితం బల్ల చుట్టూ తిరిగింది. మాస్టారి దగ్గరికి వచ్చినప్పుడు జేబులో పెన్ను వెతుక్కున్నాడు, దొరకలేదు. మైకు తన పెన్ను అందించాడు. ఆయన సంతకం పెట్టాడు. ఎప్పటిలాగే, పక్కన తేదీ వేశాడు.

ఆ కాగితం ఆఖరున చీమ దగ్గరికి వెళ్లింది. చీమ ముందు పైన ఉన్న సంతకాలు చదివింది, ఒక్కొక్కటే. ఆకుపచ్చ ఇంకుతో ఉన్న మాస్టారి సంతకం దగ్గర వేలు ఆగింది. తర్వాత తనూ పెట్టింది.

అక్కకి ఆ సాయంత్రం సగమే చెప్పాడు. పిల్లే డబ్బాలోంచి తీశానందని చెప్పాడు. అక్క సూదిలో దారం ఎక్కిస్తోంది. ఎక్కించాక, ఎందుకలా అందిరా అని అడిగింది. ఏమో అన్నాడు. ఆ రాత్రి అన్నం ముందు పెట్టి, ఎప్పుడూ ఎదురుగా కూర్చునే అక్క వెళ్లి కిటికీ దగ్గర కూర్చుంది.

శనివారం చీమ తండ్రి బడికి వచ్చాడు. టీసీ తీసుకోవడానికి. ఆఫీసులో పని అయ్యాక లెక్కల మాస్టారు ఎక్కడ ఉంటారని అడిగి మరీ స్టాఫ్ రూముకి వచ్చాడు. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచాడు. చేతులు మోచేతుల దాకా ఆవిరికి కమిలి ఎర్రగా ఉన్నాయి, గోళ్లు మాత్రం తెల్లగా, నానిపోయి ఉన్నాయి. చంకలో లైబ్రరీ పుస్తకాలు రెండు. ఎవరికివ్వాలో తెలియక తెచ్చానన్నాడు.

మాస్టారు కుర్చీ చూపించాడు. తండ్రి కూర్చోలేదు.

"మీకు మొహం చూపించలేకపోతున్నా సారూ," అన్నాడు. "మీ గదిలో చెయ్యి పెట్టిందంట. మీరు దాన్ని అంత బాగా చూసుకున్నారు. కాగితాలు కూడా ఇచ్చారని చెప్పేది. ఇచ్చింది చాలక తీసుకుందంటే ఇంక నేనేమనాలి."

మాస్టారికి అర్థమైంది. ఇంట్లో కూడా అదే చెప్పింది. తండ్రికి నిజం చెప్తే బడికి వచ్చి అడుగుతాడని, ఆ పిల్ల ఇంట్లో కూడా అదే చెప్పింది.

ఎలా ఉంది అని అడిగాడు. మాట్లాడట్లేదు సారూ, అన్నాడు తండ్రి. నేను మాట్లాడట్లేదు దానితో. బుధవారం నుంచి. చిన్నప్పటి నుంచి దాని మీద చెయ్యెత్తలేదు, బుధవారం ఎత్తాను అన్నాడు. కొడుతుంటే ఒక్క మాటా అనలేదు సారూ. ఏడవను కూడా లేదు. అదే నాకు భయంగా ఉంది అన్నాడు. దొంగతనం చేసిన పిల్లలు ఏడుస్తారు కదా సారూ, అని అడిగాడు, లెక్కల మాస్టారికి ఇది కూడా తెలుస్తుందన్నట్టు.

కిటికీలోంచి కనబడుతోంది. చీమ గేటు పక్కన నిలబడి ఉంది. యూనిఫారం లేదు. ఏదీ మోయట్లేదు. ఖాళీ చేతులతో ఆ పిల్లని చూడడం మాస్టారికి అదే మొదటిసారి. లోపల గదిలో ఇంకెవరూ లేరు. తలుపు దగ్గరగా వేసి ఉంది. వినేది ఈ మనిషి ఒక్కడే. కమిటీ లేదు, ఫైలు లేదు. ఒక్క మాట చెప్తే ఇతను ఇంటికి వెళ్తూ దారిలో కూతురి తల నిమురుతాడు, అంతే. అంతకంటే ఏమీ జరగకపోవచ్చు. జరగవచ్చు కూడా. ఇతను తిన్నగా మేడమ్ గదిలోకి వెళ్లవచ్చు. పర్మనెంటు ఆర్డరు నిన్ననే టైపైంది. ఇంకా సంతకం కాలేదు.

"చదువు మాన్పించకండి," అన్నాడు మాస్టారు. "తెలివైన పిల్ల."

తండ్రి రెండు చేతులూ జోడించాడు. అడిగానండీ, రెండు బళ్లలో అడిగాను. టీసీ మీద ఏదో రాశారంట కదా, అది చూసి వచ్చే ఏడు రమ్మంటున్నారు. అందాకా నాతో లాండ్రీకి తీసుకెళ్తాను. మీకు ఎక్కడన్నా తెలిసినవాళ్లుంటే మా పిల్లని కాస్త గుర్తుపెట్టుకోండి సారూ, అన్నాడు. అలాగే అన్నాడు మాస్టారు. పుస్తకాలు రెండూ తీసుకున్నాడు. తండ్రి వెళ్లి గేటు దగ్గర ఆగకుండా నడిచాడు. చీమ నాలుగడుగులు వెనక నడిచింది.

సోమవారం ప్రార్థనలో మేడమ్ మాట్లాడింది. పిల్లలే విచారించి, పిల్లలే నిర్ణయించిన మొదటి కేసు గురించి చెప్పింది. పేరు చెప్పలేదు, అది పద్ధతి కాదు కాబట్టి. మన మాట పత్రం కాగితం మీద అక్షరాలు కాదని రుజువైందని చెప్పింది. మైకు అందరి తరఫునా ధన్యవాదాలు చెప్పాడు. లెక్కల మాస్టారు ఉద్యోగం పర్మనెంటు అయిందనీ, ఇక నుంచి మాట పత్రం బాధ్యత ఆయన చూసుకుంటారనీ ప్రకటించారు. పిల్లలు గట్టిగా చప్పట్లు కొట్టారు. ఆయన పాఠం బాగా చెప్తాడు, పిల్లలకి ఇష్టమే.

ఆ వారమే ఇంకో పరీక్ష జరిగింది. పేపర్లు నలభై ఒకటి వచ్చాయి. నలభై ఒక్క సంతకాలున్నాయి. కింద గీత మీద ఎవరూ ఏమీ రాయలేదు. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశాడు, చూసినట్టు సంతకం పెట్టాడు.

హాస్పిటల్ లాండ్రీలో దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలు పట్టుకుని, సాగదీసి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. ఒకవైపు తండ్రి ఉంటాడు, రెండోవైపు చీమ. దుప్పటి చీమ కంటే పొడుగు, అందుకని చేతులు పైకెత్తి పట్టుకుంటుంది. రోజుకి అన్నిసార్లు ఎదురెదురుగా నడుస్తారు గానీ మాట్లాడుకోరు. మీకో మీవాళ్లకో ఒంట్లో బాగోలేక ఎప్పుడైనా హాస్పిటల్లో చేరాల్సివస్తే, మంచం మీద పరిచిన దుప్పటి మడతలు గీత గీసినట్టు తిన్నగా ఉంటే, ఒక్క క్షణం ఆ పిల్లని గుర్తుచేసుకోండి. గుర్తుపెట్టుకుంటానన్న మనిషి పెట్టుకోలేదు.